పట్టా చెల్లని పరదేశంలో – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవిత విశేషాలు



ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయమని మన కార్యదర్శి గారు ఆదేశించినప్పుడు, ముందుగా నాకు పుట్టపర్తి నారాయణాచార్యుల వారి పేరే తట్టింది. మన పెనుకొండతో అనుబంధం ఉన్న ఆయన్ను గురించి వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఎక్కడో గోదావరి జిల్లాలో పుట్టి అమెరికాలో కన్నుమూసిన ఒక డాక్టరు గారిని ఎంచుకోవడానికి కారణం ఉంది. అది ముందుగా మనవి చేసుకుంటాను.

మొన్న హిందూపురంలో జరిగిన మన సర్వసభ్య సమావేశానికి ధర్మవరం నుంచి నా పాత మిత్రుడొకాయన వచ్చాడు. ఒకప్పుడు మేమిద్దరం పెనుకొండలో పనిచేసేటప్పుడు, నేను హిందూపురం నుంచి, ఆయన ధర్మవరం నుంచి సీజన్ టికెట్టు మీద ప్యాసింజరు బండిలో వచ్చిపోయేవాళ్ళం. ఎప్పుడూ నలుగురినీ నవ్వించే మనిషి ఆ రోజు భోజనాల దగ్గర కూడా నోరు మెదపలేదు. చేతులు కడుక్కున్నాక పక్కకు పిలిచి అడిగితే అప్పుడు చెప్పాడు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ డబ్బు, దానికి తోడు ఇంటిమీద అప్పు పెట్టి కొడుకును విదేశంలో డాక్టరీ చదివించాడు. కుర్రవాడు పట్టా పుచ్చుకుని వచ్చి రెండేళ్ళు దాటింది. మన దేశంలో వైద్యం చేయాలంటే వ్రాయవలసిన పరీక్ష రెండుసార్లు తప్పాడు. వీధిలోకి వస్తే డాక్టరు గారూ, ఆస్పత్రి ఎప్పుడు పెడతారు అని అడుగుతున్నారట. అందుకని పొద్దున పూట బయటకు రావడమే మానేశాడట. ఆ మాట చెబుతున్నప్పుడు నా మిత్రుడు నా ముఖం వంక చూడలేదు.

ఇంటికి వచ్చాక రాత్రంతా నాకు సుబ్బారావు గారే గుర్తుకు వచ్చారు. ఆయన చేతిలో కూడా వైద్యపు పట్టా ఉండేది. అదీ పరదేశంలో చెల్లలేదు.

బాల్యం, చదువు

యల్లాప్రగడ సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం గారు, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగవ వారు. కలిగిన కుటుంబం కాదు. తండ్రి గారు ఈయన చదువుకునే రోజుల్లోనే కాలం చేయడంతో ఇల్లు గడవడమే కష్టమైంది. పిల్లవాడిని చదువు మానిపించకుండా ఉండేందుకు ఆ తల్లి తన ఒంటిమీది నగలు అమ్ముకున్నదని చెబుతారు.

సుబ్బారావు గారు మొదటినుంచీ చదువులో మేటి అనుకుంటే పొరపాటు. పదమూడో ఏట ఇంట్లో చెప్పకుండా, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు సంపాదిద్దామని బయలుదేరారు. దారిలోనే పట్టుకుని వెనక్కి తీసుకువచ్చారు. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. చివరికి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి మూడవ ప్రయత్నంలో గట్టెక్కారు. నా ధర్మవరం మిత్రునికీ, ఆయన కుమారునికీ ఈ సంగతి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను.

తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. ఆ వయసులో ఆయన మనసు రామకృష్ణ మఠం వైపు మళ్ళింది. సన్యాసం పుచ్చుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరకు వైద్యం చదివితే మఠం వారి ఆస్పత్రులలో సేవ చేయవచ్చునన్న ఆలోచనతో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. మిత్రులతో పాటు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారనే పెద్దమనిషి చదువుకు సాయపడ్డారు. ఆయన కుమార్తె శేషగిరి గారిని 1919లో సుబ్బారావు గారు వివాహమాడారు.

ఖద్దరు కోటు, తగ్గిన పట్టా

అవి గాంధీజీ పిలుపుతో విదేశీ వస్త్ర బహిష్కరణ జరుగుతున్న రోజులు. సుబ్బారావు గారు ఆపరేషను గదిలోకి కూడా ఖద్దరు కోటు వేసుకుని వెళ్ళారు. శస్త్రచికిత్స బోధించే బ్రాడ్‌ఫీల్డ్ అనే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. ఫలితం పరీక్షల దగ్గర తేలింది. వ్రాత పరీక్షలలో బాగానే వ్రాసినా ఆయనకు ఎం.బి.బి.ఎస్. ఇవ్వలేదు. దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చి పంపారు.

మన ఉద్యోగాలలో సర్వీసు రిజిస్టరులో ఒక్క వాక్యం ఎన్నేళ్ళు వెంటాడుతుందో మనకు తెలుసు. ఈ పట్టా ఆయనను అలాగే వెంటాడింది. మద్రాసు ప్రభుత్వ వైద్య శాఖలో ఉద్యోగానికి ప్రయత్నిస్తే దొరకలేదు. చివరికి ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే ఉద్యోగంలో చేరారు.

అదే కాలంలో ఆ ఇంట పెద్ద విషాదం జరిగింది. అన్న పురుషోత్తం, తమ్ముడు కృష్ణమూర్తి ఎనిమిది రోజుల తేడాలో పోయారు. ఇద్దరినీ కబళించింది స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి చిక్కి శల్యమైపోయే వ్యాధి అది. ఆ రోజులలో దానికి సరైన మందు లేదు. సుబ్బారావు గారికీ ఆ జబ్బు సోకింది. ఆయన లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఇద్దరు సోదరులు కళ్ళముందు పోతే డాక్టరు చదువు చదివిన తాను ఏమీ చేయలేకపోయానన్న బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. రోగిని చూడటం కంటె రోగానికి మందు వెతకడమే తన పని అని ఆయన నిశ్చయించుకున్నది అప్పుడే.

బోస్టన్‌లో రాత్రి డ్యూటీ

కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి వారు సాయం చేస్తామన్నారు. మామగారు మరికొంత సమకూర్చారు. మూడేళ్ళలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి సుబ్బారావు గారు ఓడ ఎక్కారు. 1922 చివర అమెరికాలోని బోస్టన్ నగరంలో దిగి, హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల చదువులో చేరారు.

అక్కడ దిగిన తరువాత అసలు కష్టం మొదలైంది. ఆయన మద్రాసు పట్టాతో అక్కడి ఆస్పత్రులలో డాక్టరుగా శిక్షణ పొందే అవకాశం దొరకలేదు. ఉపకార వేతనమూ దొరకలేదు. చేతిలో డబ్బు అయిపోవచ్చింది. పీటర్ బెంట్ బ్రిగం అనే ఆస్పత్రిలో రాత్రిపూట పోర్టరు పనికి కుదిరారు. రోగుల మలమూత్ర పాత్రలు తీసి కడగడం, పక్కలు సర్దడం ఆ పని. మద్రాసులో డాక్టరీ చదివి, కళాశాలలో పాఠం చెప్పి వచ్చిన మనిషి రాత్రంతా ఆ పని చేసి, తెల్లవారితే పుస్తకాల ముందు కూర్చునేవారు. ఆచారవంతుల ఇంట పుట్టిన బిడ్డకు ఆ కాలంలో ఆ పని ఎంత కష్టమో మన తరానికి వివరించనవసరం లేదు.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పుకోవాలి. 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్‌సింగ్ థిండ్ అనే సిక్కు సోదరుని కేసులో, భారతీయులు తెల్లవారి లెక్కలోకి రారనీ, అమెరికా పౌరసత్వానికి అర్హులు కారనీ తీర్పు చెప్పింది. ఆ థిండ్ గారు అమెరికా సైన్యంలో పనిచేసినవారే. అంటే సుబ్బారావు గారు దిగిన కొద్ది నెలలకే ఆ దేశం మన వాళ్ళకు తలుపు మూసేసింది. పట్టా చెల్లదు, పౌరుడు కాలేడు. అటువంటి పరిస్థితిలో ఒక మనిషి ఏ ధైర్యంతో నిలబడ్డాడో ఊహించుకోండి.

ఊళ్ళో శేషగిరి గారు ఒక మగబిడ్డను కన్నారు. ఆ బిడ్డ పసితనంలోనే పోయాడు. తండ్రి బిడ్డ ముఖం చూడనే లేదు. మూడేళ్ళన్నది ఇరవై ఆరేళ్ళయింది. ఆయన తిరిగి రాలేదు, భార్యను మళ్ళీ చూడలేదు. మహనీయుని గురించి వ్రాస్తూ ఈ మాట దాచడం నాకు ఇష్టం లేదు. ఆయన సాధించిన దానిలో ఆ ఇల్లాలు చెల్లించిన మూల్యం కూడా ఉంది. పిల్లలు విదేశాలలో ఉన్న మన సంఘ సభ్యులకు ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

చెరగని పేరు

డిప్లొమా పూర్తిచేసి సుబ్బారావు గారు హార్వర్డ్ వైద్య కళాశాలలోనే జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్త దగ్గర చిన్న ఉద్యోగంలో చేరారు. వీరిద్దరూ 1925లో రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉన్నదో లెక్కగట్టే పద్ధతిని ప్రచురించారు. భాస్వరం ఉంటే ద్రావకం నీలిరంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనయితే భాస్వరం అంత ఎక్కువ. అదే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి. నూరేళ్ళు గడిచినా వైద్య విద్యార్థులు ఆ పేరుతోనే ఆ పద్ధతిని చదువుకుంటున్నారు. పట్టా చెల్లలేదు గాని పేరు పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది.

ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే తరువాతి తాళాలు తెరుచుకున్నాయి. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని 1927లో కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా విడిగా దానిని కనుగొన్నారు. మనం చేయి ఎత్తినా, గుండె కొట్టుకున్నా ఖర్చయ్యేది ఈ ఏ.టి.పి.యే. జీతం రూపాయల్లో వచ్చినట్లు, ఒంట్లో శక్తి ఈ ఏ.టి.పి. రూపంలో చెలామణి అవుతుంది. కండరం ఎలా పనిచేస్తుందన్న విషయంలో అంతకు ముందు నోబెల్ బహుమతి పొందిన సిద్ధాంతాన్నే ఈ పరిశోధనల దరిమిలా సరిదిద్దుకోవలసి వచ్చింది.

1930లో హార్వర్డ్ వారు ఆయనకు పిహెచ్.డి. ఇచ్చారు. అయినా స్థిరమైన ప్రొఫెసరు ఉద్యోగం మాత్రం ఇవ్వలేదు. పైపెచ్చు ఆయన కనుగొన్న మరికొన్ని సంగతులు ఫిస్కే గారి అసూయ వల్ల వెలుగు చూడలేదనీ, వాటిని ఏళ్ళ తరువాత ఇతరులు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందనీ, అక్కడే పనిచేసి 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జి హిచింగ్స్ గారు తరువాత కాలంలో చెప్పారు. సుబ్బారావు గారు మాత్రం ఎవరిమీదా ఫిర్యాదు చేయలేదు. పదిహేడేళ్ళకు పైగా ఆ ఊళ్ళో పనిచేసి, 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊరిలో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరారు. కొద్ది కాలానికే అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరు అయ్యారు.

మన ఇంటి మందుల పెట్టెలో సుబ్బారావు గారు

అక్కడి నుంచి ఎనిమిదేళ్ళు మాత్రమే ఆయన జీవించారు. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన నాయకత్వంలో వెలువడిన మందులు ఈనాటికీ మన ఇళ్ళలో ఉన్నాయి.

మొదటిది ఫోలిక్ ఆసిడ్. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతపై పరిశోధించిన లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు, ఈస్టు సారంలో రక్తం పట్టించే పదార్థమేదో ఉన్నదని 1931లోనే వెల్లడించారు. అదేమిటో తేల్చి, ప్రయోగశాలలో తయారుచేసినది 1945లో సుబ్బారావు గారి బృందం. ఈనాడు అంగన్‌వాడీలో, ఆస్పత్రిలో గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండే రెండవ మందు ఇదే. తొలి వారాలలో ఈ మందు అందితే బిడ్డకు వెన్నుపాము లోపాలు చాలావరకు రావని 1991లో రుజువైంది.

రెండవది బోదకాలు మందు. డైఇథైల్ కార్బమజిన్ అనే ఈ మాత్ర 1947లో వచ్చింది. మన సీమలో ఈ జబ్బు తక్కువ. గోదావరి జిల్లాలకు బదిలీ మీద వెళ్ళినవారు చూసే ఉంటారు. సుబ్బారావు గారు పుట్టిన నేల అది. 2004 నుంచి దేశంలో ఆ జబ్బు ఉన్న జిల్లాలన్నిటా ఆరోగ్య శాఖ వారు ఇంటింటికీ వచ్చి మింగించినది ఈ మాత్రనే.

మూడవది క్యాన్సరు మందు. కణం పెరగడానికి ఫోలిక్ ఆసిడ్ కావాలి. దానిలాగే కనబడే దొంగ పదార్థాన్ని కణానికి ఇస్తే, తప్పు తాళంచెవి తాళంలో ఇరుక్కున్నట్లు, ఆ కణం పెరుగుదల ఆగిపోతుంది. ఈ ఆలోచనతో తయారుచేసిన అమినాప్టెరిన్ అనే మందును బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు గారికి పంపారు. రక్త క్యాన్సరుతో ఉన్న 16 మంది పిల్లలకు ఆయన ఆ మందు ఇవ్వగా, 10 మందికి గుణం కనిపించినట్లు 1948లో ప్రకటించారు. ఆ గుణం కొంతకాలమే నిలిచింది. అయినా అంతవరకు ఆ పిల్లలకు ఆశ అన్నదే లేదు. ఆ మందుకు తోబుట్టువు వంటిదే మిథోట్రెక్సేట్.

ఈ మిథోట్రెక్సేట్ పేరు మనలో కొందరికి బాగా పరిచయం. కీళ్ళవాతానికి ఇదే ముఖ్యమైన మందు. మా ఇంటావిడ ఎన్నో ఏళ్ళుగా వాడుతోంది. వారానికి ఒక్కసారి, ఆదివారం. మరొక రోజున ఫోలిక్ ఆసిడ్ మాత్ర. ఒకటి ఎందుకు, దానికి విరుగుడుగా రెండవది ఎందుకు అని చాలాకాలం నాకు తెలియదు. రెండూ ఒకే మనిషి ప్రయోగశాల నుంచి వచ్చాయని తెలిశాక ఆదివారం ఆ మాత్ర ఇచ్చేటప్పుడల్లా ఆయనను తలుచుకుంటున్నాను. సందర్భం వచ్చింది గనుక ఒక హెచ్చరిక. ఈ మందు కీళ్ళవాతానికి వారానికి ఒక్కసారే. చూపు ఆనక, మరుపు వల్ల రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఏ రోజున వేసుకోవాలో డాక్టరు గారి చేత చీటీ మీద పెద్ద అక్షరాలతో వ్రాయించుకోండి.

నాలుగవది ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొట్టమొదటిది. 1948లో లోకానికి వెల్లడయింది. దీనిని మట్టిలోని సూక్ష్మజీవి నుంచి కనిపెట్టినది బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త. మన సంఘ సభ్యులు గమనించవలసిన విశేషం ఏమంటే, ఆ డగ్గర్ గారు విశ్వవిద్యాలయం నుంచి పదవీ విరమణ చేసి, డెబ్బై ఏళ్ళు దాటాక లెడర్లీ సంస్థలో చేరారు. మందు కనిపెట్టినది ఆ తరువాతనే. పింఛనుదారుని చేత అంత పని చేయించగల డైరెక్టరు సుబ్బారావు గారు.

ఇక చివరి మాట. సోదరులిద్దరినీ మింగిన ఆ స్ప్రూ జబ్బుకు నేడు డాక్టర్లు ఇచ్చే మందులేమిటని అడిగితే, ఫోలిక్ ఆసిడ్, టెట్రాసైక్లిన్ అని చెబుతారు. ఒకటి ఆయన బృందం తయారుచేసినది. రెండవది ఆయన ప్రయోగశాలలో పుట్టిన జాతికి చెందినది. అన్నదమ్ములకు అందని మందు ఆలస్యంగానైనా లోకానికి అందింది.

భారతీయులు ఏడాదికి 100 మంది చొప్పున అమెరికాకు వలస వెళ్ళవచ్చుననీ, పౌరసత్వం పొందవచ్చుననీ 1946లో అక్కడ చట్టం వచ్చింది. సుబ్బారావు గారు పౌరసత్వం పొందకుండానే, 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి మరణించారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. మన ఉద్యోగమైతే ఇంకా సర్వీసు మిగిలి ఉండేది. ప్రచారం ఇష్టపడని మనిషి కావడంతో స్వదేశంలో చాలామందికి ఆయన పేరు కూడా తెలియలేదు. ఒక శిలీంధ్రానికి శాస్త్రవేత్తలు ఆయన పేరు పెట్టారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

నేటి పరిస్థితి – మన పిల్లలు

సుబ్బారావు గారి నాటి వివక్ష వేరు, నేటి పరీక్షలు వేరు. ఒక దేశపు పట్టాను మరొక దేశం పరీక్షించి గాని ఒప్పుకోకపోవడంలో న్యాయం ఉంది. చికిత్స ప్రాణాలతో పని. అమెరికాలో విదేశీ వైద్యుల పట్టాలను పరిశీలించే సంస్థ 1956లో ఏర్పడింది. మన డాక్టరు ఎంత అనుభవం ఉన్నా అక్కడి పరీక్షలు వ్రాసి, సాధారణంగా అక్కడి ఆస్పత్రిలో మళ్ళీ శిక్షణ పొందాలి. ఇంగ్లండులో 1975 నుంచి విదేశీ వైద్యులకు పరీక్ష ఉంది. నర్సులకు భాషా పరీక్ష, వృత్తి పరీక్ష వేరువేరుగా ఉంటాయి. గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారి సర్టిఫికెట్లను చదివిన చోటికే పంపి సరిచూస్తారు. మన దేశం కూడా విదేశంలో చదివి వచ్చిన మన పిల్లలకు 2002 నుంచి పరీక్ష పెడుతున్నది. 300 మార్కులకు 150 రావాలి. చాలా విడతల్లో వ్రాసినవారిలో సగం మంది కూడా గట్టెక్కడం లేదు. కనుక తప్పినవాడు ఒంటరివాడు కాడు.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నేను గుమాస్తాగా ఉన్న ఒక కార్యాలయానికి, చాలా ఏళ్ళ క్రితం, నర్సింగు చదివిన ఒక అమ్మాయి ధ్రువపత్రం కోసం వచ్చింది. విదేశంలో ఉద్యోగం వచ్చింది, గడువు దగ్గరలో ఉంది. పదవ తరగతి సర్టిఫికెట్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, నర్సింగు సర్టిఫికెట్టులో ఒక్క అక్షరమే ఉంది. నేను దరఖాస్తును వెనక్కి పంపాను. నిబంధన ప్రకారం అది తప్పు కాదు. కాని ఏ కాగితం తెస్తే పని జరుగుతుందో రెండు మాటలు చెప్పి ఉంటే ఆ అమ్మాయి మరునాడే తెచ్చేది. నేను చెప్పలేదు. ఆవిడ మూడుసార్లు తిరిగింది. గడువు దాటిపోయిందని తరువాత తెలిసింది. ఆ తల్లి నన్నేమీ అనలేదు. కూతురి చేయి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళడం మాత్రం నాకు ఇంకా కళ్ళకు కట్టినట్లు ఉంది. ఖద్దరు కోటు చూసి పట్టా తగ్గించిన ఆ ప్రొఫెసరును తిట్టుకునేటప్పుడు నా దరఖాస్తు కూడా నాకు గుర్తుకు వస్తుంది. కలం చేతిలో ఉన్నవాడు ఎంత చిన్నవాడైనా ఎదుటివాని ఏడాదిని పోగొట్టగలడు.

అందుచేత, గుమాస్తాగా నాకు తెలిసిన నాలుగు మాటలు మన కుటుంబాల వారికి చెప్పి ముగిస్తాను.

ఒకటి. మనవలు, మనవరాళ్ళు పదవ తరగతిలో ఉండగానే పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాలలో ఒక్క రీతిగా ఉండేట్టు చూడండి. మన తెలుగువారు ఇంటిపేరు ముందు వ్రాస్తాం, పై దేశాలవారు చివర వ్రాస్తారు. సగం చిక్కులు అక్కడే.

రెండు. విదేశంలో డాక్టరీకి డబ్బు కట్టక ముందే, ఆ చదువు మన దేశంలో చెల్లుతుందా అని విచారించండి. 2021 నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల చదువు, అదే సంస్థలో 12 నెలల శిక్షణ, ఆంగ్ల మాధ్యమం, ఆ దేశంలో వైద్యం చేసే అర్హత ఉండాలి. ఏజెంటు మాట కాదు, కాగితం చూడాలి.

మూడు. గ్రాట్యుటీ మొత్తం పిల్లల చదువుకు పెట్టవద్దు. చదువు ఆలస్యం కావచ్చు, మందుల ఖర్చు మాత్రం ఆగదు.

నాలుగు. పరీక్ష తప్పి ఇంట్లో ఉన్న బిడ్డను వీధిలో నిలబెట్టి అడగవద్దు. ఈ మాట మన సంఘ సభ్యులందరికీ మనవి. అడగాలనిపిస్తే, తిన్నావా అని అడగండి.

నా ధర్మవరం మిత్రుడు ఈ సంచిక అందగానే కొడుకు చేతికి ఇస్తానన్నాడు. ఆ కుర్రవాడు మూడవసారి పరీక్షకు కట్టాడట. పగటిపూట ఒక డాక్టరు గారి దగ్గర చీటీలు వ్రాసే పనికి కుదిరి, రాత్రిళ్ళు చదువుకుంటున్నాడని నిన్న ఫోనులో చెప్పాడు. నాయనా, ఆ పనిలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. నీకంటె ముందు హార్వర్డులో ఒకాయన రోగుల పాత్రలు కడిగి రాత్రిళ్ళు గడిపాడు. ఆయన చేసిన మాత్ర ఈ ఆదివారం కూడా మా ఇంట్లో ఒక ముసలమ్మ చేతి వేళ్ళను కదిలేట్టు చేసింది.